పిందె ఎందుకు రాలిపోయింది?

శ్రోతలకు నమస్కారం.

పెరటి తోట గురించి మాట్లాడమన్నారు. మన విశాఖలో ఇప్పుడు పెరడు ఉన్న ఇళ్ళు ఎన్ని? ఉన్నది మేడ. సీతమ్మధారలో చూడండి, మధురవాడలో చూడండి, గాజువాకలో చూడండి. మేడ మీద ఖాళీ పెయింట్ డబ్బాల్లో తోటకూర, పగిలిన బకెట్లో పుదీనా, నీళ్ళ ట్యాంకు పక్కన కరివేపాకు మొక్క. జాగా ఉన్నవాళ్ళు పందిరి కట్టి పాదులు పెడతారు. జాగా లేనివాళ్ళు బాల్కనీ గ్రిల్లుకి చిక్కుడు తీగ పాకిస్తారు. అదీ తోటే. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే మేడ ఎక్కి నాలుగు కొత్తిమీర రెబ్బలు తుంచుకొచ్చే మనిషికి ఆ పూట వంట మీద ఉండే ఇష్టమే వేరు.

కష్టాలూ ఉన్నాయి. సముద్రం దగ్గరి ఇళ్ళలో, లాసన్స్ బే కాలనీ వైపు, జాలారిపేట వైపు, ఉప్పు గాలికి ఆకుల అంచులు మాడిపోతాయి. అది తెగులు కాదు. గాలి బాగా వీచిన మర్నాడు పొద్దున్నే మంచినీళ్ళతో ఆకుల్ని కడిగితే చాలావరకు తేరుకుంటాయి. గన్నేరు, బిళ్ళగన్నేరు, కాగితంపూలు ఆ గాలిని బాగానే ఓర్చుకుంటాయి, కాబట్టి సముద్రం వైపు గోడకి వాటిని పెట్టుకుని, కూరపాదులు వాటి చాటున పెట్టుకోవడం మేలు. ఇక తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో రేడియోలో హెచ్చరిక వినగానే పిట్టగోడ మీది కుండీలన్నీ కిందికి దించేయండి. మొక్క కోసమే కాదు, కింద రోడ్డు మీద నడిచే మనిషి కోసం.

ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇవేవీ కాదు. ఒక్క ఆనప పాదు గురించి. కొందరు సొరకాయ అంటారు, మనకి ఆనపకాయే.

మా ఎదురింటి పిన్నిగారు తొలకరి పడగానే మేడ మీద పెద్ద డ్రమ్ములో ఆనప గింజలు పెట్టారు. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. తీగ బాగా సాగింది. ట్యాంకు మీదుగా వైర్లు లాగి పందిరి కట్టించారు, పందిరి నిండా అల్లుకుంది. తెల్లటి పూలు విరగబూశాయి. పిందెలు వచ్చాయి. వేలెడు పొడవు, నూగుతో, లేత ఆకుపచ్చగా. పిందెలు వచ్చాయి, పసుపెక్కాయి, రాలిపోయాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ రాలిపోయాయి.

పిన్నిగారికి నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఒకరు బలం చాల్లేదన్నారు, ఎరువు వేశారు. ఒకరు పుల్ల మజ్జిగ కొట్టమన్నారు, కొట్టారు. ఒకరు దిష్టి అన్నారు, సున్నం బొట్లు పెట్టిన కుండ వేలాడదీశారు. దుకాణంలో అడిగితే ఏదో పురుగుమందు సీసా చేతిలో పెట్టారు. ఆ సీసా మూత తియ్యకముందే మంచి జరిగింది. రైతుబజార్లో, ఆనందపురం వైపు నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్మే ఆవిడతో పిన్నిగారు మాట వరసకి ఈ సంగతి చెప్పారు. ఆవిడ తోటకూర కట్ట కడుతూనే అడిగింది.

"ఏటమ్మా, మందు కొడతారా? ఆనప పువ్వు ఏ యేళ ఇచ్చుకుంటాదో సూసేరా?"

చూడలేదు. పిన్నిగారు మేడ ఎక్కేది పొద్దున్న, నీళ్ళు పోయడానికి. ఆనప పువ్వు విచ్చుకునేది సాయంత్రం, పొద్దు వాలే వేళ. రాత్రంతా విచ్చుకుని ఉండి, మర్నాడు పొద్దున్నకి వాడిపోతుంది. తెల్లటి పువ్వు చీకట్లో కనిపించేది రాత్రి తిరిగే రెక్కల పురుగులకి. అవి మగపువ్వు మీద వాలి, ఒంటికి అంటిన పుప్పొడితో ఆడపువ్వు మీద వాలితేనే పిందె నిలుస్తుంది. మూడో అంతస్తులో, సముద్రపు గాలి విసిరికొట్టే సాయంత్రాల్లో, వాన పడే రాత్రుల్లో, ఆ పురుగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? వచ్చిన నాలుగూ మందు కొడితే పోతాయి. అందుకే ఆ సీసా మూత తియ్యకపోవడం మంచిదైంది అన్నాను.

ఆ సాయంత్రం పిన్నిగారు నన్నూ పిలిచారు. దీపాల వేళకి ఇద్దరం మేడ ఎక్కాం. పందిరి కింద నిలబడి చూస్తుంటే, మడతలు పడి ముడుచుకుని ఉన్న మొగ్గ మెల్లగా వదులైంది. రేకులు పల్చగా, ముడతలు ముడతలుగా, పట్టుకుంటే నలిగిపోయేంత సుతారంగా ఉన్నాయి. మగపువ్వు సన్నటి పొడుగాటి కాడ మీద నిటారుగా నిలబడుతుంది. ఆడపువ్వుకి కాడ పొట్టి, పువ్వు కిందే బుల్లి పిందె ఉంటుంది. ఒక్కసారి చూస్తే మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

పిన్నిగారు ఒక మగపువ్వు కోశారు. రేకులు వెనక్కి వలిచేశారు. మధ్యలో మిగిలిన కాడకి పుప్పొడి ఉంది. దాన్ని ఆడపువ్వు మధ్యలో, తడిగా జిగురుగా ఉండే చోట, మెల్లగా చుట్టూ అద్దారు. గట్టిగా రుద్దకూడదు, అద్దాలి, అంతే. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. అద్దిన పిందెల కాడలకి గుర్తుగా ఎర్రదారం వదులుగా కట్టారు. రెండు పిందెల్ని మాత్రం కావాలనే ముట్టుకోకుండా వదిలేశారు. "చూద్దాం, ఆవిడ చెప్పింది నిజమో కాదో" అన్నారు.

దారం లేనివి రెండూ పసుపెక్కి రాలిపోయాయి. దారం కట్టినవి రెండు మూడు రోజుల్లోనే తేడా చూపించాయి. కాడ లావెక్కింది, పిందె బరువుకి కిందికి వంగింది, ఒంటి మీద నిగనిగ వచ్చింది. ఆ సాయంత్రం నుంచి పిన్నిగారి కాఫీ మేడ మీదే. దిష్టికుండ మాత్రం తీయలేదు, ఉండనీ అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది.

కాయ రెండు వారాలకి అటూ ఇటూగా కోతకి వస్తుంది. గోరు పెడితే దిగాలి, అప్పుడే కోయాలి. ముదిరితే పీచు. ఆ కాయతో నువ్వుపొడి వేసి, అనకాపల్లి బెల్లం ముక్క పడేసి పులుసు పెట్టి పిన్నిగారు మాకూ గిన్నెలో పంపారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ ఆనపకాయైనా, కొన్నదైనా పండించినదైనా, వండే ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, నోరు కడుక్కుని, కాయంతా పారేయండి. చేదు ఆనపకాయ విషం. రసం తీసుకుని తాగే అలవాటున్న వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

రాలిన పిందెల్ని కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కొస నుంచి పసుపెక్కి ముడుచుకుపోతే పుప్పొడి అందలేదని అర్థం. ఒంటి మీద సూది గుచ్చినట్టు చుక్క, అక్కడ జిగురు కారి, పిందె వంకరపోయి కుళ్ళితే అది పండు ఈగ పని. దానికి మందు కంటే, పుప్పొడి అద్దిన మర్నాడే పిందెకి పల్చటి గుడ్డసంచి తొడగడం మంచిది. కుళ్ళిన పిందెల్ని పందిరి కింద వదలకండి, లోపల పురుగులుంటాయి.

మొదట్లో వారం పది రోజులు మగపూలే వస్తే కంగారు పడకండి, ఆనపకి అది మామూలే. తీగ ఆరేడు ఆకులు వేశాక కొస తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు వాటి మీదే ఎక్కువ. బీర కూడా సాయంత్రమే పూస్తుంది, దానికీ ఇదే పద్ధతి. గుమ్మడి, కాకర పొద్దున్న పూస్తాయి, వాటికి పొద్దున్నే ఎక్కాలి.

చివరిగా విత్తనం సంగతి. కాపు బాగున్న పాదు మీద ఒక్క కాయని కోయకుండా వదిలేయండి. పక్క మేడ మీద వేరే రకం ఆనప ఉంటే, దాని పుప్పొడి కలవకుండా, విత్తనానికి వదిలే ఆ కాయకి పువ్వు దశలోనే ఇలా చేయండి. సాయంత్రం విచ్చుకోబోయే మగమొగ్గని, ఆడమొగ్గని ముందే, నాలుగు గంటలకల్లా, దారంతో మూతి కట్టేయండి. చీకటి పడ్డాక విప్పి, పుప్పొడి అద్ది, ఆడపువ్వు మూతి మళ్ళీ కట్టేయండి. కాయ తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు కోసి, గింజలు తీసి నీడన ఆరబెట్టి, కాగితంలో చుట్టి, మీద నెల రాసి పెట్టుకోండి. సంక్రాంతికి ముందు నాటుకుంటే వేసవిలో కాయలు కోయొచ్చు. మిగిలిన గింజలు ఎదురింటికి ఇవ్వండి.

నమస్కారం.