ఎగిరే ముంగురుల్ని ఏం చేద్దాం?

అందరికీ నమస్కారం. ఇంట్లో, పెరట్లో, పెళ్లి పందిట్లో మనవాళ్లకి మనమే తీసే ఫోటోల గురించే ఈ పూట మాట్లాడతాను. స్టూడియో సంగతుల జోలికి పెద్దగా పోను. ఫోటో చూపించగానే ఎక్కువగా వినబడే మాట ఒకటుంది: "అయ్యో, జుట్టు ఎలా లేచిందో చూడండి!" వెంటనే ఫోన్ లాక్కుని ఎడిటింగ్ యాప్ తెరుస్తారు. ఆ వెంట్రుకల పని చాలావరకు బటన్ నొక్కకముందే తేలిపోవాలి. తేలకుండా మిగిలినవాటిలో సగం వదిలేయదగ్గవే.

అన్నిటికంటే ముందు, ఫ్యాన్ ఆపండి. నవ్వుతున్నారు గానీ, ఇంట్లో తీసే ఫోటోల్లో ముంగురులు కళ్లమీద పడటానికి సగం కారణం అదే. మే నెలలో అయితే ఆపిన వెంటనే తీసేయాలి, లేకపోతే ముక్కుమీద చెమట మొదలవుతుంది. చెమటకి పౌడర్ కంటే నూలు రుమాలు నయం. రుద్దకుండా అద్దితే చాలు.

తర్వాత వెనక ఏముందో చూడండి. మనది నల్లజుట్టు. వెనక సున్నం కొట్టిన గోడ ఉంటే లేచిన ప్రతి వెంట్రుకనీ లెక్కపెట్టొచ్చు. అదే మనిషిని నాలుగడుగులు జరిపి, వెనక మామిడాకుల ముదురు పచ్చ వచ్చేలా నీడలో నిలబెట్టండి. వెంట్రుకలు ఎక్కడికీ పోలేదు, ఆకుల్లో కలిసిపోయాయంతే. నెరిసిన తలకి లెక్క తిరగబడుతుంది, అమ్మమ్మకి తెల్లగోడే మేలు. ఇక సాయంత్రపు ఎండ వెనకనుంచి పడితే, జుట్టు ఏ రంగుదైనా అంచునున్న వెంట్రుకలన్నీ మెరుస్తాయి. కావాలని తీస్తే అది అందమే. వద్దనుకుంటే మనిషిని వెలుగు వైపు తిప్పండి. ఇంట్లో అయితే కిటికీ పక్కకి తీసుకెళ్లండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలో తేమకి జుట్టు ఉబ్బుతుంది. చలికాలం పొడిగాలిలో దువ్వెన తగిలితే చాలు, ఒక్కో వెంట్రుకా విడిగా లేస్తుంది. రెండింటికీ ఒకటే మందు. ఒక చుక్క కొబ్బరినూనె అరచేతుల్లో బాగా రుద్దుకుని తలమీద పైపైన నిమరాలి. చుక్కే సుమా! ఎక్కువైతే పాపిట పక్కన ఫ్లాష్ మెరిసి, స్కూలు ఐడీ కార్డు ఫోటో తయారవుతుంది. ఇంకో మాట, ఎదుటివాళ్ల జుట్టు మీరు సర్దకండి. "కంటిమీద వెంట్రుక పడిందండీ, కాస్త తీసుకుంటారా" అంటే సరిపోతుంది. చేతికి అద్దం ఇస్తే ఇంకా మంచిది.

ముఖాలు దిద్దడం ఫోన్లతో మొదలైన జబ్బేం కాదు. మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగల్ 1855లో పారిస్ ప్రదర్శనలో ఒకే ఫోటోని దిద్దకముందు, దిద్దాక పక్కపక్కన పెట్టి చూపించాడు. మన ఊళ్ల స్టూడియోల్లోనూ సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీద, అంటే నలుపు తెలుపులు తారుమారుగా పడే ఫిల్ము మీద, టచింగ్ చేసేవారు. మచ్చ ఉన్నచోట నెగటివ్ పలచగా ఉంటుంది. అక్కడ కాస్త పెన్సిల్ పూస్తే ప్రింటులో మచ్చ చర్మంలో కలిసిపోతుంది. అదే కాలంలో దీనికి ఎదురు నడిచినావిడా ఉంది. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ చేతికి కెమెరా వచ్చింది 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ ఇచ్చిన కానుకగా. ఆమె ఫోటోల్లో జుట్టు విరబోసుకుని, రేగి, భుజాలమీద పడి ఉంటుంది. నెగటివ్‌గా వాడిన గాజుపలక మీద గీతల్నీ మరకల్నీ కూడా ఆమె అలాగే వదిలేసింది. అప్పటి విమర్శకులు పని రాదన్నారు. ఇప్పుడు ఆ ఫోటోలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

మన సంగతికి వద్దాం. కనుపాప మీదుగా పోయే వెంట్రుక, పెదవికి అంటుకున్న వెంట్రుక, ఈ రెండూ నేను తీసేస్తాను. చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగిపోతుంది కాబట్టి. చెవి పక్కన జారినవి, నుదుటి ముంగురులు, జడలోంచి తప్పించుకుని మెడమీద వాలినవి ముట్టుకోను. 2002లో, కంప్యూటర్‌లో ఫోటోలు దిద్దే ఫోటోషాప్ 7తో హీలింగ్ బ్రష్ అనే పనిముట్టు వచ్చాక పని తేలికైంది. పక్కనున్న చర్మపు గరుకుదనాన్ని తెచ్చి, ఇక్కడి రంగులో కలిపేస్తుంది. అయితే వెంట్రుక కనుబొమని దాటేచోట ఆ బ్రష్ నల్లగా పులిమేస్తుంది. అక్కడ ఆగి, పక్క చోటుని ఉన్నదున్నట్టు తెచ్చి అతికించే క్లోన్ స్టాంప్‌ని చిన్న సైజులో పెట్టుకుని ఒక్కో చుక్కా దిద్దాలి. తల అంచున లేచినవాటిలో పొడుగ్గా దూరంగా పోయిన రెండుమూడు తీస్తే చాలు. మొత్తం నున్నగా చేశారా, తలమీద గిన్నె బోర్లించినట్టుంటుంది. పెద్దది చేసి దిద్దుతున్నప్పుడు మధ్యమధ్యలో మామూలు సైజుకి వచ్చి చూసుకోండి. మిమ్మల్ని అంతసేపు వేధించిన వెంట్రుక అక్కడ కనబడనే కనబడదు.

మొటిమ వారంలో పోయేదే, తీసేయండి. పుట్టుమచ్చ, గాటు, చిన్నప్పటి దెబ్బ తాలూకు గీత మనిషివి, మీవి కావు. వాళ్లు అడిగితే తప్ప వాటి జోలికి వెళ్లకండి. అమెరికా వీసా ఫోటోకైతే వాళ్లు అడిగినా చేయకూడదు. ఫిల్టర్ వేసినా, ముఖం దిద్దినా ఒప్పుకోరు. 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా తీసేయాల్సిందే.

పెళ్లిచూపులకి పంపే ఫోటోలో రంగు రెండు మెట్లు పెంచమని తల్లిదండ్రులే అడుగుతారు. నేను చేయను. వెలుగు సరిచేస్తాను, చామనఛాయని చామనఛాయగానే ఉంచుతాను. అమ్మాయి ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు ఆ ఫోటో ఎలాగూ అబద్ధమని తేలిపోతుంది. ఇంకోటి. మనం సరదాగా తీసిన ఫోటోలే పెద్దవాళ్లు పోయాక దండ వేసి గోడకెక్కుతాయి. తాతయ్య ముడతలు యాప్ చెరిపేస్తే, గోడమీద ఎవరో కొత్త మనిషి ఉంటాడు.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. కెమెరా సెట్టింగుల్లో బ్యూటీ అనో స్మూత్ అనో ఉంటుంది, చాలా ఫోన్లలో సెల్ఫీ వైపు కొన్నప్పట్నుంచే ఆన్‌లో ఉంటుంది. దాన్ని సున్నాకి దించండి. తీసేటప్పుడే చెరిగిపోయిన చర్మం తర్వాత ఏ యాప్‌తోనూ తిరిగి రాదు. దించారా? అయితే పక్కనున్నవాళ్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కో ఫోటో తీసుకురండి, ఇక్కడ తెరమీద వేసి చూద్దాం.