పది రోజుల భిక్షాన్నం: ధమ్మఖేత్త విపశ్యన శిబిరం రివ్యూ

నమస్తే అండీ. "అడవిలో బౌద్ధ భిక్షువుల్లా కొన్నాళ్లు ఉండి రావాలని ఉంది, మన దగ్గర అలాంటి చోటు ఉందా?" అని కామెంట్లలో చాలామంది అడిగారు. అందుకే వనస్థలిపురం వైపు, నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్తలో పది రోజుల శిబిరం చేసి వచ్చాను. ధ్యాన గురువు గోయెంకా గారి పద్ధతిలో విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను గమనించే బౌద్ధ ధ్యానం, నేర్పే ఈ కేంద్రం 1976లో మొదలైంది.

ముందే చెప్పేస్తాను, ఇది అడవి కాదు. హైదరాబాద్ అటువైపు ఎప్పుడో పెరిగిపోయింది. అచ్చంగా అడవే కావాలంటే థాయ్‌లాండ్‌లోని ఉబోన్‌లో వాట్ పా నానాచాట్ ఉంది. అజాన్ చా అనే థాయ్ బౌద్ధ గురువు 1975లో విదేశీ శిష్యుల కోసం పెట్టిన విహారం అది. అక్కడి భిక్షువులు తెల్లవారగానే పాత్ర పట్టుకుని ఊళ్లోకి భిక్షకు వెళ్తారు. రోజుకు ఒక్కపూటే తింటారు.

ఆ భిక్ష అనే మాట నాకు ఇక్కడ అర్థమైంది. శిబిరానికి ఫీజు లేదు. తిండికీ, గదికీ కూడా లేదు. ఇదివరకు శిబిరం పూర్తి చేసినవాళ్లు ఇచ్చిన విరాళాలతోనే అంతా నడుస్తుంది. మీరు ముందుగా డబ్బులిస్తానన్నా తీసుకోరు. మొదటి రోజు పళ్లెం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగలేదు. డబ్బు కట్టి ఉంటే ఉప్పు తక్కువైందనో, పప్పు పలచగా ఉందనో అనుకునేదాన్ని. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు పెట్టిన అన్నం అది. వంక పెట్టడానికి నోరు రాలేదు.

దినచర్య గట్టిగానే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఫోన్ ముందే ఇచ్చేయాలి. పదో రోజు దాకా ఆర్యమౌనం, అంటే సైగలు కూడా చేయకూడదు. మొదటి మూడు రోజులూ ఆనాపానే, అంటే ఊపిరిని గమనించడం. నాలుగో రోజు విపశ్యన నేర్పాక రోజుకు మూడుసార్లు, గంటసేపు కదలకుండా కూర్చోవాలి. మౌనం నాకు హాయిగానే ఉంది కానీ, ఆ గంట మాత్రం మోకాళ్లు ప్రాణం తీశాయి. ఐదో రోజు ఇంటికి వెళ్లిపోదామని బ్యాగు కూడా సర్దాను. సాయంత్రం ప్రవచనం విన్నాక మళ్లీ విప్పేశాను.

రెస్ట్ కోసం మాత్రం వెళ్లకండి. మానసిక సమస్యకు మందులు వాడుతుంటే అప్లికేషన్‌లో దాచకుండా రాయండి, ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. పది రోజులూ ఉండగలననుకుంటేనే అప్లై చేయండి.

ఒక శిబిరం పూర్తి చేసినవాళ్లు తర్వాతి శిబిరాల్లో సేవ చేయొచ్చు. నేను వంటింట్లో సేవకు పేరు ఇచ్చి వచ్చాను.