చివరి సీజన్ల గురించి అనుకుంటే చీకటి గురించి గొడవ

అక్క: రికార్డ్ అవుతోందా? సరే. అందరికీ నమస్కారం, మళ్లీ మేమే. ఈసారి టాపిక్ పోయినసారి చెప్పిందే, పెద్ద పెద్ద సిరీస్‌ల చివరి సీజన్లు. ఏది బాగా ముగిసింది, ఏది చెడిపోయింది.

తమ్ముడు: చీకటి సీన్లు చూడాలంటే కిటికీలకి పరదాలు వేసుకోండని నేనంటే మెసేజ్‌లు పెట్టారు కదా, ఆ పరదాల వాళ్లకి ప్రత్యేక నమస్కారం.

అక్క: మొదలుపెట్టకు.

తమ్ముడు: వాళ్ల మెసేజ్‌లన్నీ చదివానక్కా, ఒక్కటీ వదల్లేదు. సరే, టాపిక్. నా ఓటు ‘బ్రేకింగ్ బ్యాడ్’కే. 2008లో మొదలై 2013లో అయిపోయింది, 62 ఎపిసోడ్లు. ఇంకో రెండు సీజన్లు లాగినా జనం చూసేవాళ్లే, అయినా ఆపారు. కథ అయిపోయిన చోట లేచి వెళ్లిపోవడం అందరికీ చేతకాదు.

అక్క: ఒప్పుకుంటా. నాకైతే ఆఖరి ఎపిసోడ్ కంటే, దానికి రెండు ముందు వచ్చిన ‘ఓజిమాండియాస్’ ఎక్కువ ఇష్టం. ఎడారిలో, పట్టపగలు, మండే ఎండలో మొదలుపెట్టి మన గుండె ఆపేస్తాడు దర్శకుడు రయన్ జాన్సన్. అంటే భయపెట్టడానికి చీకటి అక్కర్లేదన్నమాట.

తమ్ముడు: వచ్చేశావు.

అక్క: ఎక్కడికి?

తమ్ముడు: ‘ద లాంగ్ నైట్’కి. నాకు తెలుసు, పది నిమిషాలు కూడా ఆగవు.

అక్క: వస్తాను మరి, చివరి సీజన్ల గురించేగా మాట్లాడుతున్నాం! ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఎనిమిదో సీజన్, మూడో ఎపిసోడ్, 2019 ఏప్రిల్. మొదటి సీజన్ నుంచీ చచ్చినవాళ్లు వస్తున్నారు, వస్తున్నారు అని భయపెట్టి, తీరా వాళ్లు వచ్చిన రోజు ఎవరు ఎవర్ని పొడుస్తున్నారో కనబడకపోతే ఎలా? బయటి యుద్ధం కోసం 55 రాత్రులు షూటింగ్ చేశారు, చలిలో, బురదలో. అన్ని వందల మంది కష్టం నా స్క్రీన్ మీద బూడిదరంగు ముద్దలా కనబడింది. నా బాధంతా ఆ కష్టం మనదాకా రాలేదనే.

తమ్ముడు: కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్ చెప్పాడు కదా, చాలామందికి టీవీ సెట్టింగులు సరిగ్గా పెట్టుకోవడం తెలీదని. అందులో నిజం ఉందక్కా. షోరూంలో మెరవడానికి పెట్టిన వివిడ్ మోడ్‌లోనే ఇంట్లో కూడా చూసేస్తారు. ఫిల్మ్‌మేకర్ మోడో సినిమా మోడో పెట్టుకుని…

అక్క: పరదాలు వేసుకుని.

తమ్ముడు: అవును, వేసుకుని! తప్పేంటి?

అక్క: తప్పని అనడం లేదు. కానీ వాళ్లు ఆ రంగులు సరిచూసుకునేది చీకటి గదిలో, ఖరీదైన మానిటర్ మీద. అక్కణ్ణుంచి మన దాకా రావాలంటే వీడియోని కుదించాలి కదా, అప్పుడు ముందు పోయేది నలుపుకీ ముదురు బూడిదకీ మధ్య ఉన్న సన్నటి తేడాలే. పొగ, మంచు ఉన్నచోట గళ్లు గళ్లుగా కనబడేది అందుకే. ఒకసారి పోయిన వివరం నువ్వు ఎన్ని పరదాలు వేసినా తిరిగి రాదు. ఇళ్లలో చూడటానికే తీసిన సిరీస్ అది, మరి ఇల్లు ఎలా ఉంటుందో తీసేవాళ్లు ఆలోచించుకోవాలా వద్దా?

తమ్ముడు: అయితే దోత్రాకీల గుర్రపు సైన్యం సీన్ సంగతి చెప్పు. కత్తులన్నీ అంటుకుని, గుర్రాలన్నీ చీకట్లోకి దూసుకెళ్లి, దూరంగా ఆ మంటలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే… నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అక్క: అది అద్భుతం. కాదని ఎప్పుడన్నాను? ఎందుకు అద్భుతమో చూడు, ముందు మన కంటికి వెలుగు ఇచ్చాడు, తర్వాత దాన్ని లాగేసుకున్నాడు. అసలు వెలుగే ఇవ్వకపోతే ఏం లాక్కుంటాడు? సరిగ్గా ఈ పనే మన కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ 1957లోనే…

తమ్ముడు: బార్ట్‌లీ! వచ్చాడు! వినేవాళ్లు లెక్క రాసుకోండి.

అక్క: రాసుకోనీ. ‘మాయాబజార్’లో ‘లాహిరి లాహిరి’ చూడు. బ్లాక్ అండ్ వైట్, ఇప్పటి కెమెరాలు లేవు, కంప్యూటర్ లేదు. అయినా అది వెన్నెల రాత్రి అని ఎవరూ చెప్పక్కర్లేదు. మొహాలు కనబడతాయి, నీళ్ల మీద మెరుపు కనబడుతుంది. రాత్రి అన్న నమ్మకాన్ని వెలుగుతోనే కలిగించాడాయన.

తమ్ముడు: అది పాటక్కా. ప్రేమపాటకి వెన్నెల సరిపోతుంది, చావు మీదికొచ్చే యుద్ధానికి కాదు. అక్కడ సైనికుడికి ఏమీ కనబడదు, మనకీ కనబడకూడదు. ఆ ఊపిరాడనితనమే ఆ ఎపిసోడ్.

అక్క: ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రెండో సినిమా ‘టూ టవర్స్’లో హెల్మ్స్ డీప్ కోట దగ్గర జరిగేది యుద్ధం కాదా? అదీ రాత్రే, పైగా వాన. నెలల తరబడి రాత్రుళ్లు తీశారు. ఆ నీలం వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందని నువ్వెప్పుడైనా అడిగావా? వాన చినుకులు, కవచాలు మెరుస్తుంటే ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. తెలుస్తుంది కాబట్టే భయం వేస్తుంది.

తమ్ముడు: …అది గట్టి ఉదాహరణే.

అక్క: ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ రాత్రి సీన్లు పగలే తీశారు తెలుసా? కావాలని ఎక్కువ వెలుగుతో తీసి, తర్వాత నీలంగా, ముదురుగా మార్చారు. నీడల్లో వివరం ముందే పట్టుకుని పెట్టుకున్నారు, ఎంత కావాలో అంత దాచుకున్నారు.

తమ్ముడు: ‘నోప్’ కూడా అంతే కదా! కెమెరామన్ హోయ్టే వాన్ హోయ్టెమా ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, ఒక 65 ఎంఎం ఫిల్మ్ కెమెరా కలిపి పగలే తీశాడు. ఆ రాత్రి ఆకాశం ఎంత లోతుగా ఉంటుందో, మబ్బు వెనక ఏదో ఉందేమో అని కళ్లు చించుకుని వెతుకుతాం. అబ్బ, ఆ సినిమా మళ్లీ చూడాలనిపిస్తోంది ఇప్పుడే.

అక్క: చూడు మరి, మనం ఒకటే చెబుతున్నాం.

తమ్ముడు: లేదు, ఒకటి కాదు. నువ్వు ప్రతిదీ కనబడాలంటున్నావు. నేను కనబడనిదాన్ని కూడా ఎవరో ఆలోచించి తీసి ఉంటే చాలంటున్నా. నీకు ఓపిక లేక…

అక్క: ఓపిక లేదనకు. ఆ ఎపిసోడ్ నిడివి 82 నిమిషాలు, కళ్లు నొప్పి పుట్టినా కదలకుండా చూశాను. ఆ మనుషులంటే నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. థియాన్ చనిపోయేటప్పుడు వాడి మొహం సరిగ్గా చూడాలనుకున్నాను, అంతే.

తమ్ముడు: …సరే. అది నిజం. థియాన్‌కి అది దక్కాల్సింది.

అక్క: ఊఁ.

తమ్ముడు: టాపిక్‌లోకి రానా? ‘సొప్రానోస్’, 2007. ఆఖరి షాట్‌లో తెర ఉన్నట్టుండి నల్లగా అయిపోయింది, కేబుల్ పోయిందేమో అనుకున్నారు చాలామంది. అది నీకు ఓకేనా?

అక్క: నూటికి నూరుపాళ్లు. అది పూర్తి నలుపు. ఏమీ చూడాల్సింది లేదని తేల్చి చెప్పేశాడు, సగం సగం చూపించి ఊరించలేదు. బార్ట్‌లీ ఉంటే ఆయనా…

తమ్ముడు: రెండు!

అక్క: ‘మాయాబజార్’ రంగుల వెర్షన్ 2010లో వచ్చింది కదా, అందులో ఆ వెన్నెల నాకు ఎక్కలేదు. నలుపు తెలుపుల్లోనే ఆ చల్లదనం ఉంది.

తమ్ముడు: నాకు నచ్చింది. నేను ముందు చూసింది రంగుల్లోనే. ఘటోత్కచుడు నాకు రంగుల్లోనే గుర్తు.

అక్క: అది వేరే ఎపిసోడ్.

తమ్ముడు: ‘లాస్ట్’ గురించి ఒక్క మాట కూడా అనలేదు మనం. ఆరు సీజన్లు, జనం ఇప్పటికీ కొట్టుకుంటున్న ముగింపు, లిస్ట్‌లో మొదటే రాసుకున్నాం.

అక్క: ఇప్పుడొద్దు.

తమ్ముడు: ఎందుకొద్దు? ఆఖర్లో చర్చి సీన్ నీకు ఇష్టమే కదా?

అక్క: ఇష్టం కాబట్టే వద్దు. నువ్వు దాన్ని తిడతావు, నేను నిద్రపోను. ఆపెయ్.

తమ్ముడు: తిట్టను, ఒక్క ప్రశ్న…

అక్క: ఆపెయ్ రా, బటన్ నీ వైపే ఉంది.