దూరవిద్యలో చేరే ముందు ఒక ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

ఉద్యోగం చేస్తూనో, సంసారం చూసుకుంటూనో, మధ్యలో ఆగిపోయిన చదువును మళ్లీ అందుకోవాలని ఆశపడేవాళ్లు ఎందరో ఉన్నారు. దూరవిద్య కోర్సు వెతికేటప్పుడు వాళ్లు ముందుగా ఆరా తీసేది ఫీజెంత, పట్టా ఎప్పుడొస్తుంది అని. అడగాల్సినవే. అయితే వాటికంటే ముందు ఇంకో ప్రశ్న అడగమని నా మనవి. నేను రాసి పంపే అసైన్‌మెంట్‌ను ఎవరు చదువుతారు? ఎన్నాళ్లలో, దాని మీద ఏం రాసి తిప్పి పంపుతారు?

1840లో ఇంగ్లండులో ఐజక్ పిట్‌మన్ తపాలా ద్వారా షార్ట్‌హ్యాండ్ నేర్పడం మొదలుపెట్టాడు. ఒక్క పెన్నీ ఖర్చుతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే సౌకర్యం కూడా ఆ ఏడాదే వచ్చింది. విద్యార్థులు బైబిల్ వాక్యాలను షార్ట్‌హ్యాండ్‌లోకి మార్చి పంపేవారు. వాటిని దిద్ది తిరిగి పంపేవారు. ఆ దిద్దుబాటే అసలు పాఠం. 1858లో లండన్ విశ్వవిద్యాలయం వేరే దారి తెరిచింది. ఎక్కడ ఎలా చదువుకున్నా సరే, పరీక్షలో నెగ్గితే పట్టా ఇస్తామంది. చదువు చెప్పే పూచీ మాత్రం తీసుకోలేదు. అదీ గొప్ప మేలే. కాలేజీ గడప తొక్కే వీలులేని ఎంతోమందికి దానివల్ల పట్టాలొచ్చాయి.

ఇప్పటి కోర్సులను కూడా ఈ రెండు దారులను బట్టి పోల్చుకోవచ్చు. కొన్ని చదువు చెబుతాయి, కొన్ని పరీక్ష మాత్రమే పెడతాయి. రెండో రకం కోర్సు మొదటి రకం పేరు పెట్టుకుని, ఆ ఫీజే వసూలు చేస్తేనే నాకు అభ్యంతరం. పుస్తకాల కట్టో, వీడియోల వరసో చేతికిచ్చి, ఏడాది చివర పరీక్షకు రమ్మంటే, మధ్యలో ఆ విద్యార్థికి తోడెవరు?

బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు రేడియో, టెలివిజన్ ప్రసారాలకే ఎక్కువ పేరొచ్చింది. కానీ అక్కడ ప్రతి విద్యార్థికీ ఒక ట్యూటర్ ఉంటారు. అసైన్‌మెంట్ చదివి, మార్కులతో సరిపెట్టకుండా, ఎక్కడ తర్కం తప్పిందో, ఏం చదివితే బాగుపడుతుందో రాస్తారు. నా దృష్టిలో ఆ సంస్థ బలం అక్కడే ఉంది.

ఎవరూ పలకరించని చదువు ఏమవుతుందో అంకెల్లోనే కనిపిస్తుంది. అమెరికాలోని హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచిన కోర్సుల్లో 2017–18లో పేరు నమోదు చేసుకున్నవాళ్లలో చివరిదాకా పూర్తిచేసింది నూటికి సుమారు ముగ్గురు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో చాలామంది ఊరికే తొంగిచూడడానికి వచ్చినవాళ్లే, నిజమే. కానీ డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో కూడా సగానికి పైగా మధ్యలోనే ఆగిపోయారు. పాఠాల్లో లోపముందని నేననను. పెద్దవాళ్ల చదువుకు రోజూ ఏదో ఒకటి అడ్డొస్తుంది. నాలుగు వారాలు జవాబు పంపకపోతే "ఏమైంది?" అని అడిగే మనిషి ఉన్న కోర్సు వేరు, లేని కోర్సు వేరు.

తర్వాత చూడాల్సింది గంటలు. కోర్సుకు పట్టే శ్రమను క్రెడిట్లలో కొలుస్తారు. ఐరోపాలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని అని లెక్క. పది క్రెడిట్ల కోర్సుకు తక్కువలో తక్కువ 250 గంటలు. వారానికి ఎనిమిది గంటలు దొరికే మనిషికి అది ముప్పై వారాల పైమాట. అదే కోర్సును మూడు నెలల్లో ముగించమని చెప్పే సంస్థకు మీ జీవితం తెలియదన్నమాట. మీరు ఉపయోగించే లెక్క ఏదైనా సరే, మొత్తం గంటలు అడిగి, మీకు నిజంగా చిక్కే గంటలతో భాగించి చూడండి.

మధ్యలో ఆగే వీలుందా అన్నది కూడా అంతే ముఖ్యం. నెల్సన్ మండేలా 1989లో, ఇంకా ఖైదులో ఉండగానే, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో న్యాయశాస్త్ర పట్టా పూర్తిచేశారు. ఆ చదువు మొదలుపెట్టింది యువకుడిగా, పూర్తయ్యేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. అంత కష్టం మనకు రాకపోవచ్చు గానీ జబ్బులు, బదిలీలు, పసిబిడ్డల పెంపకం అందరికీ ఉంటాయి. ఆగితే గడిచిన పేపర్ల మార్కులు ఎన్నేళ్లు చెల్లుతాయి? మళ్లీ చేరాలంటే పూర్తి ఫీజు కట్టాలా? ఇవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

గుర్తింపు సంగతి క్లుప్తంగా చెబుతాను. సంస్థకు గుర్తింపు ఉంటే చాలదు, మీరు చేరే కోర్సుకు, దాన్ని దూరవిద్యలో చెప్పడానికి కూడా ఉండాలి. ఆ మాట గుర్తింపునిచ్చే అధికార సంస్థ దగ్గరే సరిచూసుకోండి, ప్రకటన చూసి నమ్మకండి. ప్రాక్టికల్స్ ఉన్న చదువైతే అవి ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో చేయిస్తారో కూడా అడగండి.

ఇవన్నీ తేల్చుకోవడానికి కోర్సు పూర్తిచేసినవాళ్లతో పాటు మానేసినవాళ్లను కూడా కలవండి. ఎందుకు మానేశారో వాళ్లు దాచుకోకుండా చెబుతారు. ఫీజు కట్టేముందు ఒక సందేహం రాసి సంస్థకు పంపండి. జవాబు ఎన్నాళ్లకు వచ్చిందో, మీరు అడిగినదానికే వచ్చిందో చూడండి. పేరు చెరిపేసైనా సరే, దిద్దిన అసైన్‌మెంట్ ఒకటి చూపించమనండి. మార్జిన్‌లో రాసిన వ్యాఖ్యలు చదవండి. చూపించడానికి ఒక్కటీ లేదంటే, ఫీజు కట్టకుండా ఆగండి.

నమస్కారం.