ముందు నెల, తర్వాత ఊరు

అందరికీ నమస్కారం. ఆఫీసుల నుంచి నేరుగా ఈ గ్రంథాలయానికి వచ్చిన వాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. చాలా సంతోషం.

మన ఇళ్లలో ప్రయాణం మాట ఎలా మొదలవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. "ఈసారి లడఖ్ పోదాం", "అరుణాచలం మొక్కు ఎన్నాళ్లని వాయిదా వేస్తాం?" అంటాం. ముందు ఊరు ఖాయమవుతుంది. తర్వాత పిల్లల సెలవులు, టికెట్లు చూసుకుంటాం. ఆ నెలలో అక్కడ ఎండా, వానా, మంచా అన్నది బ్యాగులు సర్దేటప్పుడు గుర్తొస్తుంది. ఈ వరస తిరగేయమని అడగడానికే ఇవాళ వచ్చాను. సెలవులు మన చేతిలో లేవు, ఊరు మన చేతిలో ఉంది. కాబట్టి ముందు నెల చూసుకుని, ఆ నెలకు నప్పే ఊరు వెతుక్కుందాం.

హైదరాబాదు వాళ్లం కాబట్టి ఈ జాగ్రత్త మనకు ఇంకా అవసరం. మనది పీఠభూమి. నగరం వరదల్లో మునిగిన 2020 అక్టోబరు లాంటి రోజులు వదిలేస్తే, మనకు తెలిసిన వాన సాయంత్రం దంచికొట్టి పొద్దునకల్లా తెరిపినిచ్చేదే. మన కార్తెల లెక్క కూడా ఈ నేలకు సరిపోయేదే. మృగశిర వచ్చిందంటే మనకు చల్లబడినట్టే. అవే రోజుల్లో ఢిల్లీ, ఆగ్రా మండిపోతుంటాయి. అక్కడికి రుతుపవనాలు చేరేది జూన్ చివరికి. బడులు తెరిచేలోపు తాజ్‌మహల్ చూపిద్దామని జూన్ మొదటి వారంలో పసిపిల్లలను తీసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా దసరా సెలవుల గురించి చెప్పాలి. నైరుతి రుతుపవనాలు మామూలుగా సెప్టెంబరు నడిమికి రాజస్థాన్ పడమటి కొస నుంచి వెనక్కి మళ్లడం మొదలుపెడతాయి. అక్టోబరు నడిమికల్లా దేశంలో చాలా భాగం వదిలిపోతాయి. అంటే దసరా నాటికి ఉత్తరాన ఆకాశం తేటపడుతుంది. ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో కౌసానీ లాంటి చోటికి పొద్దున్నే వెళ్లి నిలబడితే త్రిశూల్, నందాదేవి శిఖరాలు కళ్లెదుట ఉంటాయి. జులైలో వెళ్తే అదే చోట కనిపించేది తెల్లటి మబ్బే. నన్నడిగితే తెలుగువాళ్ల దసరాకు హిమాలయమే సరైన జోడు.

అదే సమయంలో మన తూర్పున పరిస్థితి వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఇక తమిళనాడుకు అసలు వానాకాలం అప్పుడే, ఈశాన్య రుతుపవనాలతో. చెన్నైలో ఒక్క నవంబరులో కురిసే సగటు వాన, మన హైదరాబాదు ఏడాది మొత్తం వానలో దాదాపు సగం. మనకు వానలు తగ్గాయని ధైర్యంగా బయల్దేరి, వాళ్ల వానల్లోకి వెళ్తాం. 2024 డిసెంబరు 1న, ఫెంగల్ తుఫాను వానలకు తిరువణ్ణామలైలో, అంటే మన అరుణాచలంలో, కొండచరియ ఇళ్ల మీద విరిగిపడింది. అది కార్తీక దీపానికి పన్నెండు రోజుల ముందు. దీపం చూడొద్దని నేను అనను, ఆ దర్శనం ఆ రోజుల్లోనే కదా దొరికేది. వెళ్లండి. కానీ తిరుగు ప్రయాణానికి ఒక రోజు వెసులుబాటు ఉంచుకోండి, మర్నాడే ఆఫీసు పని పెట్టుకోవద్దు.

చార్‌ధామ్ విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. 2013లో కేదార్‌నాథ్ వరద వచ్చింది జూన్ 16, 17 తేదీల్లో. జూన్ నడిమి నుంచి ఆగస్టు చివరిదాకా ముసలివాళ్లతో ఆ దారి పట్టకండి. మే నెల, లేకపోతే సెప్టెంబరు చివర.

లడఖ్ దీనికి తిరగబడి ఉంటుంది. హిమాలయాలు మబ్బులను అడ్డుకోవడంతో అక్కడ వాన చాలా తక్కువ. మనకు ముసురు పట్టే జులై, ఆగస్టు అక్కడ తిరిగే రోజులు. అయితే మనాలి మీదుగా రోడ్డున వెళ్తే హిమాచల్ వానలూ, కొండచరియలూ దాటాలి. విమానంలో వెళ్తే ఇంకో చిక్కు. 500 మీటర్ల ఎత్తులో ఉండే మనం ఒక్కసారిగా 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో దిగుతాం. అక్కడి గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో మూడింట రెండు వంతులే. దిగిన రోజు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. రాత్రికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. మొదటి రెండు రోజులు లేహ్‌లోనే విశ్రాంతిగా ఉండండి. మూడో రోజు దాకా, ఇంకా ఎత్తున ఉన్న పాంగాంగ్ సరస్సు పేరెత్తొద్దు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ఇక్కడ డాక్టరును అడక్కుండా టికెట్ కొనొద్దు.

సంక్రాంతికి కాశీ, అయోధ్య అనుకుంటే గంగా మైదానంలో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ సెలవులకు గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్ చూడండి. వానాకాలమంతా నీట మునిగిన నేల ఆరిపోయి, ఉప్పు తెల్లగా పరుచుకుని ఉండే రోజులవి.

టికెట్ల సంగతికి వస్తే, రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు. రోజువారీ వాతావరణ సూచన నమ్మదగ్గది ఐదారు రోజులకే. కాబట్టి టికెట్ కొనే రోజున ఫోనులో ఉష్ణోగ్రత చూసి లాభం లేదు. ఆ ఊళ్లో ఆ నెల సగటు ఎంతో చూడాలి, భారత వాతావరణ శాఖ దగ్గర ఆ లెక్కలన్నీ ఉంటాయి. బయల్దేరే వారంలో మాత్రం ఆ రాష్ట్రపు వాతావరణ కేంద్రం ఇచ్చే రంగుల హెచ్చరికలు చూడండి. బేగంపేటలోని మన కేంద్రం తెలంగాణకు ఇచ్చినట్టే ప్రతి రాష్ట్రానికీ ఇస్తారు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే రక్షణ చర్యలకు దిగమని. వెళ్లే జిల్లాకు రెడ్ ఉంటే హోటల్ డబ్బులు పోయినా సరే, ఆగిపోండి.

ఇప్పుడు మీరు అడగండి. ఊరి పేరుతో పాటు నెల కూడా చెప్పండి, ఎవరెవరు వస్తున్నారో, వాళ్ల వయసెంతో కూడా.