గాలిని లెక్కగట్టిన ఇంజినీరు

మిత్రులారా, నమస్కారం. ఆకాశహర్మ్యం అనగానే అంత బరువు ఎలా నిలుస్తుందని అడుగుతారు. బరువు లెక్క సూటిగానే ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజినీరుకు అసలు టెన్షన్ గాలితోనే. గాలి వేగం మారదనుకున్నా, భవనం ఎత్తు రెట్టింపైతే అడుగున దాన్ని వంచే బలం 4 రెట్లు, కొన దగ్గర ఊగు 16 రెట్లు అవుతాయి.

ఈ లెక్కను తిరగరాసిన మనిషి ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టారు. 1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్‌పై ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, పీహెచ్‌డీ పూర్తిచేశారు. తర్వాత చికాగోలో స్కిడ్‌మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ అనే భవన రూపకల్పన సంస్థలో చేరారు.

అప్పట్లో స్తంభాలను భవనం లోపలంతా పరిచేవారు. ఖాన్ ఆ బలాన్ని అంచులకు తెచ్చారు. బయటి గోడ వెంట స్తంభాలను దగ్గరదగ్గరగా నిలిపి, లోతైన దూలాలతో బిగించేస్తే భవనం మొత్తం వెదురు బొంగులా ఒకే బోలు గొట్టమై గాలిని ఎదుర్కొంటుంది. ఎంత సులువైన ఆలోచనో చూడండి! ఫలితం ఉక్కులో కనిపిస్తుంది. 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టింది. చికాగోలో ఖాన్ రూపొందించిన, 1969లో పూర్తయిన 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్‌కు సుమారు 145 కిలోలే సరిపోయింది. దాని ముఖంమీద కనిపించే పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు అలంకారం కావు, గాలి తోపును నేలకు దించే కమ్మీలు.

ఖాన్‌లో నాకు మరీ నచ్చేది ఇంకొకటి. భవనం పడిపోకపోతే చాలదు, పైన ఉండేవాళ్లకు కళ్లు తిరగకూడదు. ఎంత ఊగితే మనిషికి తెలుస్తుంది? అది తేల్చడానికి చికాగోలోని ఒక సైన్స్ మ్యూజియంలో తిరిగే ప్రదర్శన వేదికపై మనుషులను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి చూశారు. ఇంజినీరింగ్ అంటే నా దృష్టిలో ఇదే.

తర్వాత చికాగోలోనే సియర్స్ టవర్‌లో 9 గొట్టాలను కట్టగా కట్టి, 442 మీటర్లకు లేపారు. 1982లో 52 ఏళ్లకే కన్నుమూశారు.

అదే సంస్థలో బిల్ బేకర్ బృందం రూపొందించిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో, విండ్ టన్నెల్ (నమూనా మీదికి గాలి వదిలి చూసే సొరంగం) పరీక్షలు చూశాక భవనం ముఖం తిరిగే దిక్కునే మార్చారు. అందుకే ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులకు చెబుతున్నా: డైనమిక్స్, అంటే కదలికల శాస్త్రం, గట్టిగా చదవండి. ఆర్కిటెక్ట్ మొదటి గీత గీసేటప్పుడే పక్కన కూర్చోండి.