ఉరుకుడు కూడా నేర్పాలా సారూ?

శ్రోతలకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో పీఈటీని. ఊళ్లో అందరూ ఆటల సారు అంటారు. ఒకసారి బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే మా విద్యార్థి తండ్రి ఒకాయన అడిగాడు. "కబడ్డీ నేర్పుతరు, ఖోఖో నేర్పుతరు, సరే. ఉరుకుడు కూడా నేర్పాలా సారూ? మేకపిల్లకు ఎవరు నేర్పిన్రు?" చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెప్పాలో అప్పటికి తోచలేదు. ఆయనకు ఆ రోజు ఇవ్వాల్సిన జవాబే ఈ రోజు మీకు చెబుతున్నాననుకోండి.

మామూలుగా మన బళ్లలో పరుగు పందెం ఎలా ఉంటుందో మీకు తెలుసు. నలభై మంది పిల్లల్ని ప్రహరీ గోడ దగ్గర నిలబెడతాం. విజిల్ వేస్తాం. అవతల వేపచెట్టు దాకా ఉరుకుతారు. ముందొచ్చిన ముగ్గురికి చప్పట్లు. తర్వాత ఆ ముగ్గురి మధ్య మళ్లీ పందెం. మిగతా ముప్పై ఏడు మంది నీడకు కూర్చుంటారు. ఏడాది పొడుగునా లెక్క వేసి చూస్తే, ఆటల పీరియడ్‌లో ఎక్కువసేపు కూర్చునేది ఉరకడం రానివాళ్లే. ఎవరికి అవసరమో వాళ్లకే అందదు. చాలా ఏళ్లు నేనూ ఇలాగే నడిపాను, వేరే ఎవరినో అనడం లేదు.

పిల్లల్ని దగ్గరగా చూడడం మొదలుపెట్టాక తెలిసింది, ఉరకడంలో సరిచేయాల్సినవి ఎన్ని ఉన్నాయో. చాలామంది చేతులు ఛాతీకి అడ్డంగా ఊపుతారు, ఒళ్లంతా అటూ ఇటూ తిరుగుతుంది. చేతులు ముందుకీ వెనక్కీ ఆడాలి. పిడికిళ్లు గట్టిగా బిగిస్తే భుజాలు కూడా బిగుసుకుంటాయి. అందుకే కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోమంటాను, చిన్నపిల్లలకు ఆ మాట ఇట్టే అర్థమవుతుంది. ఇంకొకటి, గీత దగ్గరికి రాగానే ఆగిపోతారు. కొందరు ఒక చెయ్యి ముందుకు చాచి గీతను ముట్టుకుందామని చూస్తారు. పందెంలో చెయ్యి, కాలు, తల లెక్కలోకి రావు. మొండెం గీత దాటితేనే దాటినట్టు. అందుకని నేను గీత పెట్టిన చోటు నుంచి ఇంకో పది అడుగుల అవతల ఒక ఇటుక పెట్టి, ఇటుక దాకా ఉరకండిరా అంటాను.

మా దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎంత నష్టం చేసిందో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. కాళ్లు వంకరపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే మోకాళ్లు నొప్పి సార్ అన్న పిల్లను, నాటకాలాడుతున్నావా అనడానికి నాకు నోరు రాదు. ఆ పిల్లకు ఆ రోజు విజిల్ ఇస్తాను.

ఇక రిలే, అంటే జట్టులో ఒకరి తర్వాత ఒకరు ఉరికే పందెం. నా లెక్కలో బడిపిల్లలకు ఇంతకన్నా మంచి పందెం లేదు. చిన్న తరగతులకు గుండ్రటి ట్రాక్ అవసరమే లేదు. ఒక జట్టును రెండు ముక్కలు చేసి, ముప్పై నలభై మీటర్ల దూరంలో ఎదురెదురుగా వరుసల్లో నిలబెడితే చాలు. ఒకరు ఉరికి వచ్చి ఎదుటి వరుసలో మొదటివాళ్లకు బ్యాటన్, అంటే చేతిలోని పొట్టి గొట్టం ఇచ్చి, ఆ వరుస చివరికి పోతారు. నలభై మందీ ఉరుకుతారు. ఎవరూ నీడకు పోరు.

బ్యాటన్ కోసం డబ్బులు లేవని ఊరుకోవద్దు. నిబంధన ప్రకారం అది 28 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుండాలి, 50 గ్రాములకు తగ్గకూడదు, మందం 40 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉండాలి. పైపుల షాపులో 40 ఎంఎం పీవీసీ పైపు అడగండి. రైతులు పొలాలకు తీసుకుపోయేదే. దాన్ని 30 సెంటీమీటర్ల ముక్కలు కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్దితే బ్యాటన్ తయారు. మా బడిలో ఒక్క పైపు ముక్కలే ఇప్పటికీ నడుస్తున్నాయి.

అయితే బ్యాటన్ చేతికిచ్చినంత మాత్రాన రిలే రాదు. ఆ పాఠం నేను మండల స్థాయి పోటీల్లో నేర్చుకున్నాను. బడిలో అందరికన్నా వేగంగా ఉరికే నలుగురు అబ్బాయిల్ని ఏరి తీసుకుపోయాను. గెలుపు మాదే అనుకున్నాను. ఒక్క రోజు కూడా కలిపి ప్రాక్టీస్ చేయించలేదు. రెండోవాడు బాణంలా వచ్చాడు. మూడోవాడు ఉన్నచోటే నిలబడి, పూర్తిగా వెనక్కి తిరిగి, దానం అడుగుతున్నట్టు రెండు చేతులూ చాచాడు. ఇద్దరూ గుద్దుకున్నారు. పైపు ముక్క మొరం మీద టకటకమని దొర్లింది. పడేసినవాడే తీసుకోవాలన్న రూలు కూడా వాళ్లకు చెప్పలేదు నేను. ఇద్దరూ దానికోసం వంగారు, తలలు కొట్టుకున్నాయి. చివరి నుంచి మొదటి స్థానం మాది. తప్పు పిల్లలదని ఆ రోజు తిట్టాను కూడా. ఆ తిట్లు నాకు పడాల్సినవి.

ఒలింపిక్స్‌లోనూ ఇది తప్పలేదు. 2008 బీజింగ్‌లో అమెరికా పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ నలుగురు తలా వంద మీటర్లు ఉరికే 4×100 రిలేలో ఫైనల్‌కు కూడా చేరకుండానే బ్యాటన్ జారవిడిచాయి. కాళ్లలో వేగం లేకనా?

ఇంకో లెక్క చూడండి. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో ఉరికాడు. అలాంటి బోల్టులు నలుగురు ఉన్నారనుకుని నాలుగు పెట్టి హెచ్చవేస్తే 38.32 వస్తుంది. కానీ 2012 లండన్‌లో జమైకా నలుగురు కలిసి 36.84 సెకన్లలో ముగించారు. ఎట్లా? నిలబడిన చోటు నుంచి బయల్దేరేది మొదటివాడొక్కడే. మిగతా ముగ్గురూ బ్యాటన్ అందుకునేసరికే మంచి ఊపు మీద ఉంటారు. రైలు కదులుతుండగా ఎక్కినట్టన్నమాట. ఈ లెక్కను ఎనిమిదో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద వేసి చూపిస్తే, వాళ్లే అన్నారు, "అయితే నిలబడి తీసుకోవద్దు సార్" అని.

ఆ ఊపు కోసమే బ్యాటన్ మార్చుకోవడానికి 30 మీటర్ల జోన్ ఉంటుంది. ఆ జోన్ లోపలే చెయ్యి మారాలి. చూసేది బ్యాటన్ ఎక్కడుందని, కాళ్లు ఎక్కడున్నాయని కాదు. తీసుకునేవారు జోన్ మొదట్లో నిలబడి, వెనక్కి కొన్ని అడుగులు కొలిచి నేల మీద ఒక గుర్తు పెట్టుకుంటారు. వచ్చేవారు ఆ గుర్తు దాటగానే ఇక వెనక్కి చూడకుండా ఉరకాలి. దగ్గరికి రాగానే వచ్చేవారు "హా!" అని కేకేస్తారు, ముందున్నవారు చెయ్యి వెనక్కి చాస్తారు. మొదటివారు కుడి చేత్తో ఇస్తే రెండోవారు ఎడమ చేత్తో అందుకోవాలి, మూడోవారు మళ్లీ కుడి చేత్తో. అప్పుడు వంపుల్లో ఉరికే ఒకటో, మూడో వారు తమ లైను లోపలి అంచుకు దగ్గరగా ఉరకొచ్చు. చెయ్యి మార్చుకునే పని ఉండదు.

గ్రౌండ్‌లో సున్నంతో ట్రాక్ గీసే సార్లకు ఒక మాట. ఒక పూర్తి రౌండు పందెంలో బయటి లైన్ల వాళ్లను ఎంత ముందు నిలబెట్టాలన్నది గ్రౌండ్ సైజును బట్టి ఉండదు, లైన్ వెడల్పును బట్టి ఉంటుంది. మీటరు వెడల్పు లైన్లు గీస్తే ఒక్కో లైనుకూ 6.28 మీటర్లు. అంటే లెక్కల్లో వచ్చే పై (π, 3.14) విలువకు రెండింతలు. దీన్ని మా లెక్కల సారు తన పీరియడ్‌లో బయటికొచ్చి టేపు పెట్టి కొలిపించారు. పిల్లలు ఆ రోజు పై విలువను మర్చిపోరు.

మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ఆటల పీరియడ్ అంటే, "నేనురకను సార్, నాకు దమ్మొస్తది" అని చున్నీ సర్దుకుంటూ మెట్ల మీద కూర్చునేది. తల్లిదండ్రులు పనికోసం వలస పోతే అమ్మమ్మ దగ్గర ఉంటూ చదువుకుంటున్నది. నిజమే, వేగం తక్కువ. కానీ చూపు మంచిది. వచ్చేవాళ్లు గుర్తు దాటిన క్షణాన్ని అందరికన్నా ముందే పట్టేస్తుంది. ఆమెను మూడో స్థానంలో పెట్టాను. చున్నీ నడుముకు గట్టిగా చుట్టుకుని, కుడి చెయ్యి వెనక్కి చాచి, అరచెయ్యి కదలకుండా ఉంచుతుంది. పైపు ముక్క చేతిలో పడిన చప్పుడు వినిపిస్తుంది, వేళ్లు మూసుకుంటాయి, వెనక్కి చూపు ఉండదు.

మొన్న చివరి పీరియడ్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే ఆ జట్టులో రెండో అమ్మాయి అలసిపోయి ఆలస్యంగా వచ్చింది. బ్యాటన్ జోన్ చివర్లో కష్టం మీద అందింది. నేను ఏదో చెబుదామని దగ్గరికి పోతున్నా. అప్పటికే మన అమ్మాయి తన గుర్తు దగ్గరికి వెళ్లి కూర్చుని, కాలి వేలితో సున్నం చెరిపేస్తున్నది.

"ఒక అడుగు ముందుకు జరుపుతున్న సార్. ఆమె దమ్ము తగ్గినప్పుడు నేను తొందరపడొద్దు కదా."